ఇంజన్ మార్చిన పాత జీపు, పాత అంబాసిడర్ కొంటాండారా, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవన్నీ చూడండి

"అన్నా, తాడిపత్రి పక్క ఒక ఎంఎం540 మహీంద్రా జీపు ఉందంట, టయోటా డీజిల్ ఇంజన్ వేసినారంట, పవర్ స్టీరింగు, ముందర డిస్కులు, ఏసీ కూడా పెట్టినారంట, ఫోటోల్లో చూస్తే షోరూం బండి మాదిరి ఉంది, యాభై వేలు అడ్వాన్స్ కొట్టేయమంటావా" అని మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు. వద్దప్పా, ముందు పోయి బండి కింద పండుకొని చూసి రా, డబ్బుల మాట తర్వాత అని చెప్పినా. ఇట్లాంటి ఫోన్లు మన అనంతపురంలో నాకు బాగా వస్తాంటాయి, అందుకే తెలిసిందంతా ఒకచోట రాస్తాండా, కర్నూలు కడప వాళ్ళకి కూడా పనికొస్తుంది.

అమెరికాలో ఇట్లాంటి బండ్లని స్ట్రీట్ రాడ్ అంటారు. 1949కి ముందు తయారైన కార్లనే వాళ్ళు ఆ లెక్కలో వేస్తారు, అందులో 1932 ఫోర్డు అంటే పడిచస్తారు, ఎందుకంటే ఆ ఏడాదే ఫోర్డు వాళ్ళు మామూలు మనిషి కొనగలిగే రేటులో వి8 ఇంజన్ ఇచ్చినారు. ఇప్పుడు అక్కడ అమ్మకానికి వచ్చే బండి చూస్తే పైన ఆ కాలం రూపం, లోపల షెవర్లే 350 వి8 ఇంజను, ఆటోమేటిక్ గేర్లు, డిస్క్ బ్రేకులు, ఏసీ అన్నీ ఉంటాయి. మనకి ఆ ఫోర్డులు యాడ దొరుకుతాయి, మన రాడ్లు మన జీపులే. మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టినారు, అంబాసిడర్ 1958 నుంచి 2014 దాకా కలకత్తా పక్కన ఉత్తరపారాలో తయారైంది. సీమలో పుట్టి పెరిగినోళ్ళకి జీపు అంటే ఏందో చెప్పాల్సిన పనిలేదు, పెళ్ళికూతుర్ని తెచ్చింది అదే, శెనక్కాయ మూటలు మోసింది అదే, నడిరాత్రి నొప్పులొస్తే ఆస్పత్రికి తీసకపోయింది అదే. అందుకే దాన్ని మళ్ళీ రోడ్డు మీద చూడాలని ఆశ. ఆ ఆశతోనే మోసపోతాండాం కూడా.

ఇందులో నేను నమ్మేది ఒకటే ఒకటి. ఇంజన్ బలం పెంచినోడు బ్రేకు బలం, చాసీ బలం, రేడియేటర్ బలం కూడా పెంచినాడా లేదా. పెయింటు, అలాయ్ వీల్సు, లైట్లు అన్నీ కంటికి కనపడేవి, డబ్బు పెడితే నెలలో అయిపోతాయి. కనపడని పని ఎంత చేసినారో దాన్ని బట్టే రేటు కట్టాల.

బండి దగ్గరికి పోకముందే ఆర్‌సీ ఫోటో తెప్పించుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉంది, ఇన్సూరెన్స్ ఉందా, ఫైనాన్స్ ఉందా వచ్చేస్తుంది. సొంత వాడకం బండికి మొదటి ఆర్‌సీ 15 ఏళ్ళు, తర్వాత ప్రతి 5 ఏళ్ళకి రెన్యువల్ చేయించాల, దానికి బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందర పెట్టాల. రెన్యువల్ అయిపోయి ఏళ్ళు గడిచిన బండి అయితే అది అమ్మేటోడే చేయించి ఇయ్యాల, మీరు నెత్తికెత్తుకోవద్దు. 15 ఏళ్ళు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5000 చేసినారు, 20 ఏళ్ళు దాటినవాటికి ఆ తర్వాత ఇంకా పెంచినారు, కాబట్టి కొనే ముందు ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కొని ఆ ఖర్చు కూడా రేటులో కలుపుకోండి. బళ్ళారి, బెంగళూరు బండ్లు మన పక్క ఎక్కువ తిరుగుతాంటాయి, కేఏ నంబర్ అయితే అక్కడి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే కాగితం (ఎన్‌ఓసీ) కావాల, మన దగ్గర లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాల, చౌకగా వస్తాంది కదా అని ఎగిరి ఆ ట్యాక్స్ మరిచిపోతారు చానామంది.

ఇప్పుడు అసలు సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్‌కి, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేటట్ల బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే రకం ఇంజన్ అయితే ముందుగా పర్మిషన్ తీసుకొని మార్చి ఆర్‌సీలో ఎక్కించుకోవచ్చు, జీపులో ఇంకో కంపెనీ ఇంజన్ తెచ్చి కూర్చోబెట్టి, చాసీ కోసి పొడుగు చేసి, బాడీ షేపు మార్చి, అన్నీ ఓకే అన్నా అంటే ఓకే కాదు. అట్ల మార్చిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5000 ఫైన్, లేదంటే ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు అని చట్టంలోనే ఉంది. బండి మీ పేరు మీదికి వచ్చినాక రోడ్డు మీద ఆపితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. కాబట్టి ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, బండిలో ఉన్న ఇంజన్ మీది నంబరు ఒకటే అయితేనే ముందుకి పోండి. లేదంటే ఆఫీసులో ఎక్కించి ఇచ్చినాకనే డబ్బులు అని తెగేసి చెప్పండి.

చాసీ నంబర్ మాటలతో నమ్మొద్దు. బట్టతో తుడిచి, అక్కడ తెల్ల పేపర్ పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే అచ్చు దిగుతుంది, ఆ పేపర్ ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కొక్క అంకె సరిచూడండి. అంకెలు వంకర టింకరగా ఉన్నా, చుట్టూ ఇనుము నున్నగా గ్రైండింగ్ పట్టినట్ల ఉన్నా, ఆ చోట మాత్రమే కొత్త పెయింటు ఉన్నా టీ తాగి వచ్చేయండి. హర్యానా పంజాబ్ బార్డర్‌లోని మండీ డబ్వాలీ మాడిఫైడ్ జీపులకి పేరుపడిన ఊరు, అక్కడి పనితనం బాగుంటుంది, నేను మెచ్చుకుంటా, కానీ అంత దూరం నుంచి లారీ మీద వచ్చే బండికి పేపర్లు ఇంకో రెండింతలు జాగర్తగా చూడాల.

ఇంకొకటి, "ఇది వింటేజ్ బండి అన్నా, వింటేజ్ నంబర్ చేయించుకో ఏ గొడవా ఉండదు" అని బ్రోకర్లు చెప్తాంటారు. అది తప్పు. 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్‌లో బండికి 50 ఏళ్ళు దాటాల, కంపెనీ నుంచి ఎట్ల వచ్చిందో అట్లనే ఉండాల, చాసీ, బాడీ, ఇంజన్ మార్చింటే కుదరదు. ఫీజు 20000, 10 ఏళ్ళకి ఇస్తారు, నంబర్లో వీఏ అని వస్తుంది, దాన్ని రోజూ తిప్పే బండిగా వాడకూడదు కూడా. మార్చిన బండికి అది అసలు వర్తించదు.

ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పులు ముందే చెప్పి కాగితం మీద రాయించండి, చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర ఆ మాటే పట్టుకుంటారు.

సరే పేపర్లు బాగున్నాయి, బండి చూడను పోతాండారు. పొద్దున్నే పోండి, ఇంజన్ స్టార్ట్ చేయొద్దు నేనొచ్చేదాకా అని ముందురోజే చెప్పండి. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మిమ్మల్ని పిలిచే ముందే వేడి చేసి పెట్టినట్టు, చల్లగా ఉన్నప్పుడు దాని రోగం బయటపడుతుందని వాళ్ళకీ తెలుసు. స్టార్ట్ చేసినాక నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతాందని, నల్ల పొగ అయితే పంపు, నాజిల్ పని, ఇంజన్ వేడెక్కినాక కూడా తెల్ల పొగ తీపి వాసనతో వస్తే నీళ్ళు లోపలికి పోతాండాయని. ఆయిల్ పోసే మూత తీసి చెయ్యి అడ్డం పెట్టండి, బుసబుసా కొడితే మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారే అది, ఇంజన్ పని దగ్గర పడినట్టే.

తర్వాత కింద పండుకోండి. చాప ఒకటి, మంచి టార్చి ఒకటి తీసకపోండి, సెల్‌ఫోన్ లైటు చాలదు. పాత ఇంజన్ ఫౌండేషన్లు కోసేసి కొత్తవి వెల్డింగ్ పెట్టింటారు, ఆ వెల్డింగే బండికి ప్రాణం. మంచి వెల్డింగ్ చేప పొలుసు మాదిరి వరసగా ఒకే వెడల్పులో ఉంటుంది, చెడ్డది మైనం కారినట్ల ముద్దముద్దగా, మధ్యలో బొక్కలతో ఉంటుంది. చాసీ పట్టీ మీద వెల్డింగ్ పక్కనే వెంట్రుక మాదిరి సన్న గీత కనపడితే అది పగులు, దాని మీద పెయింటు కొట్టింటే టార్చి పక్కనుంచి వేసి చూడండి, నీడ పడుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్ బాక్సు నుంచి చక్రాల పక్కకి పోయే కడ్డీ, కోసి అతికించింటే బ్యాలెన్సింగ్ చేయించినారా అడగండి, చేయించకపోతే 70 దాటినాక సీటు కింద వణుకు వస్తుంది.

బ్రేకుల దగ్గర కాస్త ఎక్కువసేపు చెప్తా, ఎందుకంటే నాకు తగిలిన దెబ్బ అక్కడిదే. నా మొదటి జీపు కూడా ఇట్ల ఇంజన్ మార్చినదే, ఒక షెడ్డులో చేయించిన బండి కొన్నా. రాయచోటి నుంచి కడపకి దిగుతాండాం, గువ్వలచెరువు ఘాట్, బండిలో ఆరుమంది, పక్క సీట్లో మా మామ. రెండో మలుపులో బ్రేక్ తొక్కితే పెడల్ బండరాయి తొక్కినట్ల ఉంది. లోపలికి పోదు. ముందర లోడు లారీ. కాళ్ళు రెండూ పెట్టి తొక్కి, గేరు రెండుకి దించి, హ్యాండ్ బ్రేక్ గుంజి కొండ పక్కకి ఆనించి ఆపినా, లారీ వెనక డాలాకి మా బంపర్‌కి మధ్య ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది. మామ దిగి రోడ్డు పక్కన కూర్చొని అరగంట దాకా మాట్లాడలేదు.

కారణం తర్వాత తెలిసింది. పెట్రోల్ ఇంజన్ పీల్చే గాలితోనే వ్యాక్యూమ్ పుట్టి బ్రేక్ బూస్టర్, అంటే మన కాలి బలాన్ని పెంచే డబ్బా, పనిచేస్తుంది. డీజిల్ ఇంజన్లో అట్ల పుట్టదు, దానికి వేరే వ్యాక్యూమ్ పంపు కావాల, చానా ఇంజన్లకి అది ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంటుంది. నా బండికి ఆల్టర్నేటర్ పోతే ఎవరో పంపు లేని ఆల్టర్నేటర్ వేసినారు, బూస్టర్ పైపుకి మూత పెట్టేసినారు. ఊర్లో చిన్న చిన్న స్పీడ్లలో అది నాకు తెలియనే లేదు.

దీన్ని పట్టుకోవడం రెండు నిమిషాల పని. ఇంజన్ ఆపేసి పెడల్ ఐదారు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అట్లనే కాలు నొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. బూస్టర్ బాగుంటే కాలి కింద పెడల్ కొంచెం లోపలికి దిగుతుంది. దిగకపోతే బూస్టర్ గానీ పంపు గానీ లేనట్టే. ఇంకోటి, ఇంజన్ ఆన్‌లో పెడల్ తొక్కి ఒక నిమిషం అట్లనే పట్టుకోండి, మెల్లగా కిందికి జారుతుంటే మాస్టర్ సిలిండర్ వాషర్లు పోయినాయని.

డిస్కులు వేసిన బండి అయితే ఇంకో చిక్కు ఉంది. పాత డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్లో లైనర్లు డ్రమ్ముకి దగ్గరగా ఉండాలని కొంచెం ప్రెషర్ లైన్లో మిగిల్చే వాల్వు ఉంటుంది. దానికే డిస్కులు తగిలిస్తే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటానే ఉంటాయి. పది కిలోమీటర్లు బ్రేక్ ఎక్కువ వాడకుండా నడిపి, ఆపి, నాలుగు చక్రాల రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టండి, తాకొద్దు, దగ్గర పెడితే చాలు. ముందర రెండూ సెగ కొడుతాంటే, కాలిన వాసన వస్తాంటే డిస్కులు వేసినోడు మాస్టర్ సిలిండర్ మార్చలేదు. ముందర రెండిట్లో ఒకటే కాలుతుంటే ఆ కాలిపర్, అంటే ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం, పట్టేసింది.

స్టీరింగు కూడా ఇట్లనే. చక్రాలు నేరుగా పెట్టి స్టీరింగు వేలితో ఇటు అటు తిప్పండి, రెండు అంగుళాల కన్నా ఎక్కువ ఊరికే తిరుగుతాంటే బాక్సులోనో, టై రాడ్ ఎండ్లలోనో, కింగ్ పిన్‌లోనో ప్లే ఉంది. పవర్ స్టీరింగు వేసేటప్పుడు స్టీరింగు షాఫ్ట్ కోసి అతికించింటారు, ఆ అతుకు మీ చేత్తో తడిమి చూడండి, రెండు గొట్టాల్ని ఊరికే చివరా చివరా వెల్డింగ్ కొట్టింటే నేనైతే ఆ బండి ఎంత తక్కువకి ఇచ్చినా ముట్టను.

మన పక్క బండికి పెద్ద పరీక్ష ఎండ. మే నెలలో 40 దాటే ఊర్లో పెద్ద ఇంజను, దానికి తోడు ఏసీ కండెన్సర్ ముందర అడ్డం, రేడియేటర్ మాత్రం పాతదే ఉంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఇంజన్ బాగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడండి, వేడి మీద తీస్తే మొహం కాలిపోతుంది. లోపల గొట్టాల మీద తెల్లగా సున్నం పట్టింటే బోరు నీళ్ళు పోసినారని, మన బోరు నీళ్ళు ఇంట్లో గీజర్‌ని ఏం చేస్తాయో రేడియేటర్‌ని అదే చేస్తాయి. టీ రంగు నీళ్ళుంటే లోపల తుప్పు. తర్వాత మధ్యాహ్నం రెండింటికి ఎండలో నిలబెట్టి, ఏసీ ఆన్ చేసి, ఇరవై నిమిషాలు ఇంజన్ నడవనియ్యండి, కదలకూడదు. గాలి తగలనప్పుడే ఫ్యాన్ సత్తా తెలుస్తుంది. టెంపరేచర్ ముల్లు సగం దగ్గర నిలబడితే ఆ పని చేసినోడికి దండం పెట్టొచ్చు. పైకి పాకుతానే ఉంటే వెంటనే ఆపేయండి. అమ్మేటోడు "ఎందుకన్నా ఊరికే డీజిల్ దండగ" అన్నా వినొద్దు, ఈ ఇరవై నిమిషాలు ఎవరూ చెయ్యరు, చెయ్యాల్సింది ఇదే.

వైరింగ్ డాష్ బోర్డు కింద చూస్తే చాలు. టేపు చుట్టిన ముళ్ళు వేలాడుతుంటే, లైట్లకి, ఫ్యానుకి రిలేలు (ఎక్కువ కరెంటు స్విచ్ మీద పడనియ్యని చిన్న డబ్బాలు) లేకుండా నేరుగా స్విచ్‌కి కలిపింటే మొత్తం మార్చాల్సిందే, బండ్లు కాలిపోయేది అక్కడే. ఇంజన్ నడుస్తాండగా లైట్లు, ఏసీ, ఫ్యాను అన్నీ వేసి బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే 13.5 వోల్టుల పైన ఉండాల, తగ్గితే ఆల్టర్నేటర్ చాలడం లేదు.

ఇంకా హైవే. అనంతపురం నుంచి గుత్తి పక్కకి 44 నంబర్ రోడ్డు మీద ఒక ఇరవై కిలోమీటర్లు నడిపి చూడండి. పాత జీపు హౌసింగ్, అంటే చక్రాల మధ్య గేర్లుండే డబ్బా, మెల్లగా బరువు లాగడానికి చేసింది, విల్లీస్ సీజే3బీలో దాని లోపలి క్రౌన్ పినియన్ గేర్ల రేషియో 5.38, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్ట్ ఐదుసార్ల పైన తిరుగుతుంది. ఇంజన్ మార్చి క్రౌన్ మార్చకపోతే 60కే ఇంజన్ అరుస్తుంది, డీజిల్ తాగుతుంది, ఎంత మంచి ఇంజన్ అయినా ఆ బండిలో కూర్చొని హైదరాబాద్ పోలేరు. టాప్ గేర్లో 70 దగ్గర పక్కనోడితో మామూలుగా మాట్లాడగలిగితే రేషియో కుదిరినట్టు.

బాడీ చివర చూసినా పర్లేదు. మెత్తటి బట్టలో చుట్టిన అయస్కాంతం తీసకపోండి, డోరు కింద, మడ్‌గార్డుల అంచుల్లో ఆనిస్తే, పట్టుకోని చోట పుట్టీ మందంగా ఉంది. మన అనంతపురం గాలిలో తేమ తక్కువ కాబట్టి ఇక్కడే పెరిగిన బండికి తుప్పు తక్కువ, సముద్రం పక్క నుంచి వచ్చినదైతే డోర్ల కింద, నేల రేకు కింద గుచ్చి గుచ్చి చూడండి. టైర్ల పక్కన నాలుగంకెల నంబర్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని, గీతలు బాగున్నా ఆరేడేళ్ళ టైర్లయితే కొత్తవాటి డబ్బులు రేటులో తగ్గించి అడగండి.

బేరం చేసేటప్పుడు బిల్లులు అడగండి. ఇంజన్ యాడ కొన్నారు, ఏ బండి నుంచి వచ్చింది, క్లచ్ ప్లేటు ఏ మోడల్‌ది, బ్రేక్ ప్యాడ్లు ఏ కారువి. ఇది చానా ముఖ్యం, ఎందుకంటే రేపు పార్టు పోతే షాపులో జీపు పేరు చెప్తే దొరకదు, ఆ పార్టు వచ్చిన బండి పేరు చెప్పాల. ఓనర్‌తో కూర్చొని ఒక నోటు పుస్తకంలో ఫ్యాన్ బెల్టు, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, హోస్ పైపులు, బేరింగులు, ప్యాడ్లు ఏ బండివో వరసగా రాయించుకోండి. ఇష్టంగా చేయించుకున్నోడు అయితే గుక్క తిప్పకుండా అన్నీ చెప్తాడు, ఆ మనిషి దగ్గర పదివేలు ఎక్కువైనా కొనొచ్చు. కుదిరితే పని చేసిన మెకానిక్‌తో కూడా ఒకసారి మాట్లాడండి. డబ్బులు ఇచ్చిన రోజే ఫారం 29, 30 సంతకాలు చేయించి, ట్రాన్స్‌ఫర్ వెంటనే పెట్టండి, మన రాష్ట్రం బండి అయితే అమ్మినోడు 14 రోజుల్లో ఆఫీసుకి తెలపాల.

ఇంటికి తెచ్చుకున్నాక ఉండబట్టలేక నేరుగా ఘాట్ ఎక్కొద్దు. ముందు బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చండి, అది గాలిలో నీళ్ళు పీల్చుకుంటుంది, పాతదైతే వేడికి మరిగి బ్రేక్ దొరకదు. రబ్బరు హోసులు పగిలింటే మార్చండి, రేడియేటర్లో బోరు నీళ్ళు తీసేసి కూలెంట్ పోయండి, సీటు కింద చిన్న ఫైర్ సిలిండర్ పెట్టండి. తర్వాత ఒక పసుపు పెయింటు మార్కర్ కొని ఇంజన్ ఫౌండేషన్లు, స్టీరింగు బాక్సు, కమాన్ కట్టల యూ బోల్టులు, కాలిపర్ బ్రాకెట్లు అన్నిటినీ టైట్ చేసి, నట్టు మీద నుంచి పక్కన చాసీ మీదికి ఒక గీత గీయండి. 500 కిలోమీటర్లు తిరిగినాక మళ్ళీ చాప వేసుకొని కిందికి దూరండి. యాడ గీత విరిగి నట్టు మీది ముక్క పక్కకి జరిగిందో ఆ నట్టు వదులైనట్టు, అక్కడికి స్పానర్ పెట్టండి.